మోదుగపూవు, కరక్కాయ, సున్నపురాయి

ఇంటిపట్టున ఏదైన నొక చేతిపనిని నేర్వదలచినవారు నేడు మొట్టమొదట చేయుచున్నది, రంగులను, దారములను, కత్తెరలను, అచ్చుకాగితములను ఒకే పెట్టెలో అమర్చి అమ్ము సామగ్రిని కొనితెచ్చుకొనుట. పెట్టెలోని సరకు ఉన్నంతవఱకు ఆ పని ఉత్సాహముతో సాగును; సరకు తీరగానే పెట్టె అటక యెక్కును. దీనికి నేర్చువారి సోమరితనమే కారణమని కొందఱందురు గాని నాకట్లు తోచదు. చేతిలోని పదార్థము ఎచ్చటినుండి వచ్చినదో, అది ఎందుచేత వంగుచున్నదో, ఎందుచేత అంటుచున్నదో, ఎందుచేత వెలిసిపోవుచున్నదో ఎఱుగనివారికి, ఒకసారి చెడిన పనిని మరల ఎట్లు సరిదిద్దుకొనవలెనో తెలియు దారి యుండదు. కావున క్రొత్తగా మొదలుపెట్టువారు తమ ఊరి చుట్టుపట్ల ఏది పెరుగుచున్నదో, తమ కాళ్ళక్రింద ఏ రాయి పఱచుకొనియున్నదో ముందుగా చూచి, దానినుండి తమ పనిని ఎంచుకొనుట మేలని నా అభిప్రాయము.

ఇట్టి ఎంపికకు తెలంగాణములో 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన వికారాబాదు జిల్లా మిక్కిలి అనువైనది. వికారాబాదునుండి తాండూరునకు రైలుమార్గమున సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే యైనను, ఆ కొలదిదూరములోనే రాయియు, మన్నును, వానితోపాటు పంటయు మారును. తాండూరు ప్రాంతపు నల్లరేగడిలో పండు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాయ రాలగొట్టగా మిగిలిన కందికట్టెతో తడకలు, గంపలు అల్లుట పల్లెలలో పూర్వమునుండి యున్న పని. పచ్చికట్టె వంగును, ఎండినది విఱుగును, ఎండినదానినే ఒక రాత్రి నీట నానవేసినచో మరల కొంత వంగును. కట్టెలోని సెల్యులోజు పోగులు ఒకదానినొకటి పట్టుకొనియున్న సూక్ష్మబంధముల నడుమకు నీటి అణువులు చొరబడి పట్టు సడలించుటయే ఇందలి రహస్యము. ఎండిన మోదుగాకుపై నీరు చిలుకరించి మెత్తబఱచిన పిమ్మటనే విస్తరి కుట్టుటలోను ఈ సూత్రమే కలదు. ఈ రెండును మంచి పనులే. పిల్లలకు తొలిపాఠముగా నేర్పదగినవే. కాని ఒక్క గిన్నెలో వృక్షశాస్త్రమును, భూగర్భశాస్త్రమును, రసాయనశాస్త్రమును కలిపి చూపగల పని మఱొకటి యున్నది. అది ఇంటిలో చేయదగిన అద్దకము.

వికారాబాదును ఆనుకొనియున్న అనంతగిరి కొండలు మూసీనదికి జన్మస్థానములు. ఆ కొండలపైకి పోవువారికి అనంతపద్మనాభస్వామి ఆలయమును, గాలి మంచిదని ఎన్నడో కట్టిన క్షయరోగుల ఆరోగ్యశాలయు తెలిసినవే గాని, పాదములక్రింది ఎఱ్ఱని తొఱ్ఱల రాయిని తీసిచూచువారు తక్కువ. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై పొంగి పాఱిన లావా చల్లాఱి నల్లరాయి యైనది. ఆ నల్లరాయి లెక్కకందని వర్షకాలములకు చీకిపోయి, నీట కరుగు సున్నము, సోడియము మొదలగునవి కొట్టుకొనిపోగా, కరుగని ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు మిగిలి లాటరైటను ఈ ఎఱ్ఱరాయిగా పేరుకొన్నవి. పడమటగా కాగ్నానది యొడ్డున నున్న తాండూరునకు పోవునప్పటికి ఈ ఎఱుపు వెనుకబడి, సున్నపురాయి బయటపడును. అది ఆ లావాకంటె ఎన్నియో రెట్లు ప్రాచీనమైన సముద్రము అడుగున పొరలుపొరలుగా నెమ్మదిగా దిగిన బురద. ఆ పొరల వెంబడి ఒద్దికగా చీలుటచేతనే తాండూరు నీలిబండ, పసుపుబండ ఊరూర ఇండ్ల నేలలకు పఱపులైనవి. ఒక కొసను ఇనుము, అల్యూమినియము. మఱొక కొసను కాల్షియము. రంగును గుడ్డకు పట్టించుటకై ప్రాచీనులు ఆశ్రయించిన లోహములలో ప్రధానమైనవి ఈ మూడే యగుట ఈ జిల్లావారికి దొరికిన అదృష్టమని నేను తలతును.

ఐనను ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసియున్నది. అనంతగిరి ఎఱ్ఱరాయిని దంచి నీట కలిపినంత మాత్రమున గుడ్డకు రంగు పట్టదు. దానిలోని ఆక్సైడులు నీట కరుగవు. కరుగనిది పోగులోనికి పోజాలదు. గడపలకు, గోడలకు పూయు జాజు ఇట్టిదే. అది పైన అంటియుండు పూత గాని లోనికి ఇంకు రంగు కాదు. అల్యూమినియమును కరుగు రూపమున కోరువారు పటికను, ఇనుమును అట్లే కోరువారు అన్నభేదిని పచారీకొట్టునుండియో, మూలికల అంగడినుండియో తెచ్చుకొనవలెను. సున్నము మాత్రము తమలపాకులకు వాడునది చాలును. స్వచ్ఛమైన సున్నపురాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాల్చినచో, 100 కిలోలకు 44 కిలోలు బొగ్గుపులుసుగాలియై పోయి 56 కిలోల పొడిసున్నము మిగులును. దానిపై నీరు పోయునప్పుడు పుట్టు వేడిమి చర్మమును, కండ్లను కాల్చగలదు గావున ఆ పనిని ఇంటిలో తలపెట్టరాదు.

మొదటి ప్రయోగమునకు పసుపు చాలును. తెలుగింట ప్రతి శుభకార్యమునకు పసుపులో సున్నము కలిపి పారాణి చేయుదురు. పసుపులోని కుర్కుమిను అణువు సున్నపు క్షారగుణమునకు లోనై ఒక హైడ్రోజను అయానును విడిచిపెట్టును. అంతట ఆ అణువు కాంతిలో పీల్చు భాగము మాఱి, పచ్చనిది ఎఱ్ఱగా కనబడును. నిమ్మరసము రెండు చుక్కలు పడినచో విడిచిన అయాను తిరిగివచ్చి ఎఱుపు మాయమగును. ఒక తెల్లని పేలికను పసుపునీట ముంచి, ఆఱిన తరువాత సగము అట్టముక్కక్రింద దాచి, సగము ఎండలో నుంచినచో, కొలదిదినములలోనే ఎండతగిలిన సగము పాలిపోవును. గిన్నెలోని పులుపును, క్షారమును బట్టి రంగు మాఱుననియు, గుడ్డకు అంటిన ప్రతి రంగును నిలుచునది కాదనియు ఈ చిన్నప్రయోగము కండ్లకు కట్టించును. అద్దకములోని శ్రమయంతయు ఈ రెండవ సంగతిని జయించుటకొఱకే.

నూలుపోగు దాదాపు శుద్ధమైన సెల్యులోజు. అది నీటిని ప్రేమతో త్రాగును గాని, నీటిలోని పూరంగును పట్టి యుంచుకొనదు; పట్టును ఉన్నియు మాంసకృత్తులతో నేర్పడినవగుటచే వానికీ విషయమున నూలుకంటె చొరవ ఎక్కువ. నూలునకు రంగునకు నడుమ సంధి చేయుటకు లోహము కావలెను. లోహపు అయాను ఒకవంక పోగులోని ద్రవ్యమును, మఱొకవంక రంగు అణువును పట్టుకొని, ఆ మూడును కలిసి నీట కరుగని యొక క్రొత్త సంయోగముగా మాఱును. కరుగనిది కావుననే ఉతుకునకు పోదు. అట్టి వర్ణబంధకములలో అన్నిటికంటె సౌమ్యమైనది పటిక. అయితే పటిక కూడ నూలుపై నేరుగా బాగుగా నిలువదు. ఇచ్చటనే కరక్కాయ వచ్చుచున్నది. అందులో పుష్కలముగా నున్న టానిను అను వగరుద్రవ్యము నూలునకు అంటుకొనును. అల్యూమినియము ఆ టానినునకు అంటుకొనును. రంగు ఆ అల్యూమినియమునకు అంటుకొనును. కలంకారి పనివారు గుడ్డను కరక్కాయ కషాయములో పాలు కలిపి తడిపి ఆఱవేసిన తరువాతగాని కలము పట్టకపోవుటకు ఈ వరుసయే ఆధారము. పాలలోని కొవ్వు గీత చెదరి ప్రాకకుండ కాపాడును.

ఇక పని. నూఱు గ్రాముల బరువుగల తెల్లని ఖాదీగుడ్డను తీసికొని, కొంచెము చాకలిసోడా వేసిన నీటిలో ఒక గంటసేపు ఉడికింపవలెను. నీరు టీరంగునకు తిరుగును. తెల్లగానున్న గుడ్డలో ఇంత మురికి యెక్కడిదని క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. అది మురికి కాదు, ప్రత్తిపోగుపై సహజముగా నుండు మైనమును, బంకయును. అది పోనిచో రంగు మచ్చలు మచ్చలుగా పట్టును. ఈ మెట్టును తప్పించుకొనవలెనని తొందరపడువారే ఎక్కువ. పిదప పటికను, పూవును నిందించుట వ్యర్థము. గుడ్డను బాగుగ జాడించి, 20 గ్రాముల కరక్కాయపొడి కలిపిన గోరువెచ్చని నీటిలో రాత్రియంతయు నుంచి, మఱునాడు పిండి, జాడింపకయే నీడను ఆఱవేయవలెను. అప్పటికి గుడ్డ లేతపసుపుపచ్చగా, ముట్టుకొన్నచో కొంచెము బిరుసుగా నుండును. ఆఱిన పిమ్మట 15 గ్రాముల పటికను వేడినీట కరగించి, నీరు పెంచి, గుడ్డను అందులో పూర్తిగా మునుగునట్లు కొన్నిగంటలు నానవేయవలెను. తరువాత సుద్దపొడి కలిపిన నీటిలో ఒకసారి ముంచితీసినచో, సుద్ద పటికలోని పులుపును విఱిచి అల్యూమినియమును పోగుపైననే దిగునట్లు చేయును. సుద్దయు తాండూరు బండయు రసాయనదృష్ట్యా ప్రధానముగా ఒకే కాల్షియము కార్బొనేటు.

ఈ పనులకు వంటగిన్నెలను వాడరాదు. ఒక స్టీలుగిన్నెను, ఒక కఱ్ఱగరిటెను వేఱుగా నుంచుకొనవలెను. ఇనుపకడాయి తన ఇనుమును రంగులో కలిపి దానిని మసకచేయును. మైలుతుత్తమును, క్రోమియము లవణములను కొన్ని పుస్తకములు వర్ణబంధకములుగా పేర్కొనును. అవి విషములు; వానిని పాఱబోసిన నీరు పెరటిమొక్కకు, కాలువలోని చేపకు హాని చేయును. ఇంటిలో వానికి చోటు లేదు.

మోదుగచెట్టు ఫాల్గుణమున ఆకు రాల్చి, మోడైన కొమ్మలపై ఎఱ్ఱని నారింజవన్నె పూలను గుత్తులుగా పూయును. చేతిలోనికి తీసికొని చూచినచో, నల్లని నూగుగల పొట్టి గిన్నెనుండి అయిదు రేకలు వెలువడును. అందు ఒకటి చిలుకముక్కువలె వంగి, వెలుపల మెత్తని సన్ననూగుతో నుండును. అడుగున తేనె యుండును. మైనలు, తేనెపిట్టలు ఆ తేనెకై వచ్చి ముఖములకు పుప్పొడి పూసికొని పోవుచు చెట్టునకు విత్తనము కట్టించును. అందుచేత కొమ్మలు విఱిచి పూలు దూయరాదు. అనంతగిరి అడవి రక్షితారణ్యము; అచ్చటినుండి తెచ్చుకొనకూడదు. చేనిగట్లమీద, బాటప్రక్కన నున్న చెట్లక్రింద ఉదయమున రాలియుండు పూలు ఒక ఇంటి అవసరమునకు కావలసినన్ని దొరకును. వానిని నీడను ఎండబెట్టి గుడ్డసంచిలో దాచుకొన్నచో నెలల తరబడి నిలువయుండును.

ఈ పూవురంగు ఏ పదార్థమువలన కలిగినదను ప్రశ్నకు తెలుగునేలతో సంబంధము కలదు. 1934నుండి 1949వఱకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రశాఖలో పనిచేసి, పిదప 1960లో లండనులోని రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందిన టి. ఆర్. శేషాద్రిగారు, ప్రత్తిపూవు మొదలుకొని మనదేశపు పూలలోని పచ్చని వర్ణద్రవ్యములను శోధించుటకు తమ జీవితమును వినియోగించిరి. వారి ప్రయోగశాల పరీక్షించిన పూలలో మోదుగ యొకటి. ఆ పూవులో బ్యూట్రిను, ఐసోబ్యూట్రిను అను రెండు జంటద్రవ్యములున్నవి. రెండింటియందును ఒకే పరమాణువులు, అంతేసి సంఖ్యలో నుండును. కాని బ్యూట్రినులో ఒక వలయము మూసికొనియుండును, ఐసోబ్యూట్రినులో అది తెఱచుకొనియుండును. మూసికొన్నది దాదాపు రంగులేనిది. తెఱచుకొన్నది మెఱయు పసుపు. పూవు ఎండుకొలది తెఱచినదానిలో కొంత మూసికొనును గావున ఎండుపూవు తాజాపూవంత వెలుగదు. క్షారమునకు ఆ వలయమును మరల తెఱచు శక్తి కలదు. హోలీకి మోదుగపూలను ఉడికించునప్పుడు చిటికెడు సున్నము వేయు పల్లెవాసులకు ఈ వలయముల సంగతి ఎవ్వరును చెప్పలేదు. ఫలితమును మాత్రము వారి కండ్లు ఎన్ని తరములనుండియో చూచుచున్నవి.

గుడ్డ ఎంత బరువున్నదో అంత బరువు ఎండుపూలను రాత్రి నానవేసి, తెల్లవాఱిన తరువాత సన్ననిసెగపై ముక్కాలుగంట కాచి వడగట్టవలెను. కళపెళ మరుగనిచ్చినచో రంగు మట్టిబాఱును. వడగట్టిన రసమును ఒక గాజుగ్లాసులో కొంచెముగా పోసి, అందు సున్నపుతేట నాలుగు చుక్కలు విడిచి చూడుడు. చుక్క పడినచోట ముదురు నారింజరంగు తీగ సాగి, కలిపినప్పుడు రసమంతయు ఎఱుపు దిక్కునకు తిరుగును. గుడ్డకు సాదా పసుపు కావలయునో, నారింజ కావలయునో ఈ గ్లాసును చూచియే నిర్ణయించుకొనవచ్చును. పటిక పట్టించిన గుడ్డను తడిపి రసములో వేసి, మరల ముక్కాలుగంట సన్నసెగపై నుంచి, ఆ నీటిలోనే చల్లాఱనిచ్చి, నీడను ఆఱవేయవలెను. వెంటనే ఉతుకక రెండుదినములు ఆగుట మంచిది. అంతలో లోహమునకు రంగునకు కూడిక స్థిరపడును. తరువాతి ఉతుకునకు కుంకుడురసమును వాడవలెను. సబ్బులోని క్షారము రంగునిగ్గును మార్చివేయును.

ఇనుము చేయుపని ఇంతకంటె విస్మయకరమైనది. కరక్కాయ మాత్రమే పట్టించిన యొక గుడ్డను ప్రక్కనుంచుకొని, రెండుగ్రాముల అన్నభేదిని కరగించిన నీటిలో దాని యంచును ముంచినచో, చూచుచుండగనే పసుపుపచ్చని గుడ్డ బూడిదవన్నెకు తిరుగును. పైకి తీసి గాలికి పట్టినచో ఆ బూడిద క్షణక్షణమునకు నల్లబడును. నీటిలోని ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మఱియొక మెట్టు ఆక్సీకరణము చెందుటయు, అప్పుడది టానినుతో ముదురునల్లని ద్రవ్యము నేర్పఱచుటయు ఇందులకు కారణములు. మన పూర్వులు కరక్కాయను, అన్నభేదిని కలిపి వ్రాతకు సిరా చేసికొన్నది ఈ సూత్రమును బట్టియే. శ్రీకాళహస్తి కలంకారిలో నల్లగీతకు వాడు కసిమును, బెల్లపునీటిలో ఇనుపముక్కలు వేసి దినముల తరబడి పులియబెట్టి చేయుదురు. ఆ పులుపు ఇనుమును కరగించి కలమునకు అందించును. మోదుగరంగు వేసిన గుడ్డను పలుచని ఇనుపనీట ఒక్కసారి ముంచినచో పసుపు కాస్త చెట్టుపాచివంటి ఆకుపచ్చగా మాఱును. ఎక్కువ వేసినకొలది ఎక్కువ నలుపు వచ్చునని ఆశపడరాదు. మిగిలిపోయిన ఇనుము సెల్యులోజును క్రమముగా తినివేయును. పాత వ్రాతప్రతులలో అక్షరములున్నచోటనే కాగితము చిల్లులు పడుట ఈ దోషమువలననే.

నీటిని గూర్చి పుస్తకములు తక్కువగా చెప్పును గాని, ఈ ప్రాంతమువారికి అది ముఖ్యమైన సంగతి. సున్నపురాతిలో ఊరిన బోరునీరు కాల్షియమును మోసికొని వచ్చును. కాచిన గిన్నె అడుగున తెల్లని పొలుసుగా నిలుచునది అదియే. వర్షపునీట కాచిన మోదుగరసమునకును, అట్టి బోరునీట కాచినదానికిని ఛాయాభేదముండును. తప్పనిసరిగా ఇది దోషము కాదు. కోస్తాలో చిరివేరునుండి తీయు ఎఱుపునకు అల్యూమినియముతోపాటు కాల్షియముకూడ తోడైననే నిండుదనము వచ్చును. కావున తాండూరువారు నీటికి చింతింపక, ఒకే పూవును రెండునీళ్ళలోను కాచి, ఏది తమకు నచ్చునో చూచుకొనవలెను.

చెట్లరంగులు సమస్తము మేలైనవనియు, కర్మాగారపు రంగులు సమస్తము చెడ్డవనియు చెప్పువారితో నేను ఏకీభవింపను. 1856లో పదునెనిమిదేండ్ల విలియం హెన్రీ పెర్కిన్ కొయినాను కృత్రిమముగా చేయబోయి ఊదారంగును కనుగొన్నప్పటినుండియు, 1897లో జర్మనీనుండి కృత్రిమ నీలిమందు విపణిలోనికి వచ్చినప్పటినుండియు, మన చిరివేరు సేద్యమును నీలిసేద్యమును క్షీణించిన మాట నిజమే. కాని ఆ రంగులు పేదవానికి గూడ రంగుచీరను అందించినవి. మోదుగపసుపు ఎండకు అంతగా ఓర్వదు. దానితో కిటికీతెర అద్దుట తెలివితక్కువ. పెట్టెలో దాచు రుమాలునకు, పండుగనాటి ఉత్తరీయమునకు, పసిబిడ్డ జుబ్బాకు అది శోభించును. దానిమ్మతొక్కలోను టానిను పుష్కలముగా నున్నది గావున దాని పసుపు మోదుగపసుపుకంటె నిలకడగలది. పండ్లరసమువాని బండిప్రక్కన అది గంపలకొలది పాఱవేయబడియుండును.

ఏ రంగు ఎంతకాలము నిలుచునో ఎవ్వరి మాటయు నమ్మనక్కరలేదు. వేసిన ప్రతి రంగునుండియు అంగుళము వెడల్పుగల పేలికను కత్తిరించి, ఒక అట్టపై వరుసగా కుట్టి, సగభాగమును నల్లకాగితముతో కప్పి, దక్షిణపు కిటికీలో రెండువారములుంచి తీసి చూచినచో సంగతి తేలిపోవును. ఆ పేలికల ప్రక్కన గుడ్డ బరువు, పటిక తూకము, నీరు ఏ బావిదో, పూలు ఏ నెలవో వ్రాసియుంచవలెను. తూకము వ్రాయనివారికి మంచిరంగు వచ్చినను రెండవసారి రాదు. ఇట్లు ఒక వసంతమున మోదుగతోను, ఆ తరువాత దానిమ్మతోను, కరక్కాయనలుపుతోను చేయి తిరిగినవారు నీలిమందునకు పోవచ్చును. దాని దారి వేఱు: నీలి నీట కరుగదు, ప్రాణవాయువును తీసివేసి పచ్చని ద్రవముగా కరగించి, గుడ్డను ముంచి, గాలిలోనికి తీసినప్పుడు అది మరల నీలమై పోగులోననే గట్టిపడును. దానికి పటికయు అక్కఱలేదు, కరక్కాయయు అక్కఱలేదు. ఆ క్షారపు కుండను తయారుచేయుటకు మాత్రము తాండూరు సున్నము మరల పనికివచ్చును.